తోటలో కుక్కలు: రాత్రి కట్టేయాలా, వదిలేయాలా?

ఉద్దానం_కోడలు · ఫిబ్రవరి 8, రాత్రి 9:20

అందరికీ నమస్కారం. మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కవిటి మండలం. నాలుగెకరాల తోట. కొబ్బరి, జీడి, గట్ల వెంబడి పనస. ఇల్లు తోటలోనే. అత్తయ్య, మామయ్య, మేమిద్దరం, ఇద్దరు పిల్లలు, ఒక ఆవు, దూడ, మూడు కుక్కలు.

పెద్దవాడు నల్లోడు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను వచ్చి మా కొబ్బరి సగానికి పైగా పడిపోయింది. మూడో రోజు మామయ్య మట్టలు లాగుతుంటే వాటి కింద కుయ్ కుయ్‌మని వినబడింది. చూస్తే ఇంకా కళ్ళు కూడా సరిగా తెరవని పిల్ల. తల్లి జాడ లేదు. అప్పటికి ఊళ్ళో కరెంటు లేదు, తాగే నీళ్ళకు కూడా బిందెలు పట్టుకుని వరసలో నిలబడుతున్నాం. ఆవుపాలు కొంచెం పల్చన చేసి, గుడ్డ ముంచి, అత్తయ్య వాడి నోట్లో పిండేది. అలా బతికాడు. తాను పాతిన చెట్లన్నీ నేలమీద ఉంటే మామయ్య ఆ నెలంతా ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. నల్లోడితో మాత్రం మాట్లాడేవారు. అందుకే వాడిని ఉత్త కుక్క అని ఎవరైనా అంటే మా మనసుకి కష్టంగా ఉంటుంది.

రెండోది సీతాలు, ఎర్రది. మూడోది సీతాలు కన్న బంటి, ఇప్పుడు మూడో నెల.

విషయం ఏమిటంటే, మొన్న గురువారం తెల్లవారుజామున నల్లోడు భుజం చీలిపోయి ఇంటికొచ్చాడు. అరచెయ్యంత పొడవు గాయం. పందో ఎలుగో తెలీదు. రాత్రి తోటలో గట్టిగా అరుపులు విన్నాం, లైటు వేసి చూసేసరికి ఏమీ లేదు. జీడి పూత మీదుంది. వచ్చే నెల నుంచి పళ్ళు పడతాయి, ఎలుగులు తోటల్లోకి దిగుతాయి. రాత్రిళ్ళు కుక్కల్ని కట్టేద్దాం అంటాను నేను. "కట్టేస్తే అది కాపలా ఏటమ్మా" అంటారు మామయ్య. మా ఆయన ఎటూ చెప్పడు. మీ తోటల్లో ఎలా చేస్తున్నారు?

ఇంకో టెన్షన్ కూడా ఉంది. నిన్న ఆడుతూ ఆడుతూ బంటి పన్ను మా పాప చేతికి గీసుకుంది. కొంచెం రక్తం చెమర్చింది. మనింటి పిల్లే కదా అని అందరూ అంటున్నారు. ఏం చేయాలి?

సోంపేట_బావు · ఫిబ్రవరి 8, రాత్రి 10:05

మాదీ జీడితోటే, అక్కా. ముప్పై ఏళ్ళుగా మా కుక్కలు రాత్రి వదిలే ఉంటాయి. మీ మామయ్య చెప్పింది నిజం. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగి దగ్గర ఎలుగు మనుషుల మీద పడ్డప్పటి నుంచి మా ఊళ్ళో ఒంటరిగా ఎవరూ పిక్కలు ఏరడానికి వెళ్ళరు. ముందు కుక్కల్ని పంపిస్తాం. అవి మొరిగిన వైపు మనం వెళ్ళం. అంతే.

ఎలుగు కనబడకపోయినా వాసన కుక్కకు ముందే తెలుస్తుంది. వెంట్రుకలు నిక్కబొడుచుకుని, ముక్కు గాలిలో పెట్టి, గొంతులో సన్నగా గుర్రుమంటుంది. పాముని చూసి అరిచే అరుపు వేరు, కొత్త మనిషిని చూసి అరిచేది వేరు. మా నాన్న మంచం మీద పడుకునే చెప్పేసేవాడు, వచ్చింది పందో మనిషో.

గరివిడి_విద్యార్థి · ఫిబ్రవరి 8, రాత్రి 10:31

అక్కా, ముందు పాప సంగతి. కట్టేయడం గురించి తర్వాత మాట్లాడదాం.

నేను గరివిడి పశువైద్య కళాశాలలో చదువుతున్నాను. పాప చేతిని ఇప్పుడే పారే నీళ్ళ కింద సబ్బుతో 15 నిమిషాలు కడగండి. గడియారం చూసుకుని కడగండి, ఎందుకంటే 15 నిమిషాలు మనం అనుకున్న దానికంటే చాలా ఎక్కువసేపు. నిన్ననే గీసుకున్నా ఇవాళ కడగడం వల్ల నష్టం లేదు. పసుపు, సున్నం, కారం, ఆకు పసరు ఏదీ పెట్టకండి, కట్టు కట్టకండి. పొద్దున్నే ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్ళండి. రక్తం కనబడితే అది మూడో తరగతి, అంటే అన్నిటికంటే తీవ్రమైన గాయం కింద లెక్క. రేబిస్ టీకాతో పాటు, అది పనిచేసేలోపు కాపాడటానికి గాయం చుట్టూ ఇచ్చే ఇమ్యునోగ్లోబులిన్ అనే మందు కూడా అవసరం. డాక్టరుగారికి "రక్తం వచ్చింది" అని స్పష్టంగా చెప్పండి.

బంటి ఇంట్లో పుట్టిందే కావచ్చు. కానీ దానికి ఇంకా టీకా లేదు, రాత్రి బయట తిరిగే కుక్కలతో కలిసి ఉంటోంది. పది రోజులు దాన్ని కంట్లో పెట్టుకోండి. పది రోజులూ ఆరోగ్యంగా ఉంటే, పన్ను గీసుకున్న రోజున దాని లాలాజలంలో రేబిస్ లేదని అర్థం. అయితే ఆ పది రోజులు ఆగి టీకా మొదలుపెడదాం అనుకోవద్దు. ఈ జబ్బు లక్షణాలు ఒక్కసారి మొదలైతే ఇక చేయగలిగింది దాదాపు ఏమీ ఉండదు.

నల్లోడికి కుట్లు అవసరం కావచ్చు. 1962కి ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం గురించి చెబుతారు. ఈలోపు కాచి చల్లార్చిన ఉప్పునీళ్ళతో కడిగి, ఈగ వాలకుండా చూడండి. కిరోసిన్ పోయకండి. మనం వేసుకునే నొప్పి మాత్రలు వాడికి అస్సలు వేయకండి, కడుపు, కిడ్నీలు దెబ్బతింటాయి. అడవి జంతువుతో కలబడ్డాడు కాబట్టి ఇదివరకు టీకా వేయించి ఉన్నా మళ్ళీ ఒక డోసు వేయించాలి.

ఉద్దానం_కోడలు · ఫిబ్రవరి 9, సాయంత్రం 6:15

తమ్ముడూ, నీ మెసేజ్ రాత్రే చూశాను. నిద్రపోతున్న పాపని లేపి కడిగాను. పొద్దున్న ఆసుపత్రికి వెళ్ళాం. రెండు చేతులకీ చిన్న సూదులు వేశారు, గాయం దగ్గర కూడా వేశారు. మళ్ళీ 3, 7, 28 రోజులకి రమ్మన్నారు. బొడ్డు చుట్టూ పధ్నాలుగు సూదులు అని పాప భయపడి ఏడ్చింది, ఎవరో పక్కింటి పిల్లలు చెప్పారట. అలాంటివి ఇప్పుడు లేవని నర్సమ్మ చాలా ఓపికగా చెప్పింది.

ఇంటికొచ్చాక అత్తయ్య నాతో ఒక మాట చెప్పింది. ఆవిడ ఇన్నేళ్ళలో ఎప్పుడూ చెప్పలేదు. ఆవిడకి ఒక తమ్ముడు ఉండేవాడట. తొమ్మిదేళ్ళు. కల్లంలో ఆడుకుంటుంటే ఊరి కుక్క కాలి పిక్క పట్టింది. పక్క ఊరి నుంచి ఒకాయన్ని పిలిపించి పసరు పోయించారు, ఉప్పు తినకూడదని పథ్యం పెట్టారు. పుండు మానిపోయింది. అందరూ మర్చిపోయారు. రెండు నెలల తర్వాత ఒకరోజు అన్నం తింటూ నీళ్ళ చెంబు ఎత్తి, తాగలేక విసిరేశాడట. మూడో రోజుకి లేడు. "నా చేత్తోనే ఇచ్చానమ్మా ఆ చెంబు" అంది అత్తయ్య. నిన్న పాప చేతికి సున్నం రాద్దామన్నది కూడా అత్తయ్యే. తెలియక కాదు, భయం వేస్తే చేతులు పాత అలవాటు వైపే వెళ్తాయి. ఇవాళ ఆసుపత్రికి మాతోపాటు ఆవిడే వచ్చింది, పాపని ఒళ్ళో కూర్చోబెట్టుకుంది.

నల్లోడికి పదకొండు కుట్లు పడ్డాయి. డాక్టరుగారు చూసి పంది కోర అన్నారు. గోరు గాట్లు ఇలా ఒక్కటే గాటుగా, లోతుగా ఉండవట.

నాగావళి_గట్టు · ఫిబ్రవరి 9, రాత్రి 8:50

మాది విజయనగరం వైపు. మొక్కజొన్న, వరి, కొంచెం చెరకు. ఎలుగులు లేవు. పందులు ఉన్నాయి. దానికంటే పెద్ద ప్రమాదం పందుల కోసం మనుషులు పెట్టేవి.

నాకు రెండు కుక్కలు ఉండేవి. అన్నదమ్ములు. వదిలేసి పెంచాను, గర్వంగానే పెంచాను. రెండేళ్ళ క్రితం మొక్కజొన్న పాలు పోసుకునే రోజుల్లో ఒకటి రాత్రి రాలేదు. తెల్లారి వెతుక్కుంటూ వెళ్తే మూడు చేల అవతల గట్టు మీద పడి ఉంది. పందుల కోసం చేను చుట్టూ తీగ లాగి లైను కరెంటు ఇచ్చారు. రెండోది దాని పక్కనే కూర్చుని ఉంది. నన్ను చూసి లేచి రాబోయింది, "ఆగు" అని నేను గట్టిగా అరిస్తే అక్కడే ఆగిపోయింది. ఆ అరుపుకి ఆగబట్టి అది బతికింది. నేనూ ఆ తీగ తొక్కలేదు.

అది కూడా ఆర్నెల్లకి పోయింది. ఎవరో పురుగుమందు గుళికలు కలిపిన ముద్ద పెట్టారు. నోట్లో నురగ, కాళ్ళు కొట్టుకోవడం, డాక్టరు దగ్గరికి చేరేలోపే అయిపోయింది.

ఎవరి మీదా కేసు పెట్టలేదు. ఊళ్ళో బతకాలి. కానీ ఒక మాట చెప్తాను. మన గట్టు దాటాక కుక్కని కాపాడేది ఎవరూ లేరు. కట్టేయండమ్మా. దయచేసి కట్టేయండి.

కొత్తవలస_మామిడి · ఫిబ్రవరి 9, రాత్రి 9:30

కట్టేయడంలో కూడా పద్ధతి ఉంది. మేము రెండు చెట్ల మధ్య తలపైన గట్టి ఇనుప తీగ కట్టాం, యాభై అడుగులు. దానికి రింగు, రింగుకి గొలుసు. కుక్క ఆ చివర నుంచి ఈ చివరకి తిరుగుతూ ఉంటుంది. నీడ, నీళ్ళు అందేలా చూసుకోవాలి. మెడకి బెల్టు వేసేటప్పుడు రెండు వేళ్ళు దూరేంత వదులు ఉంచండి. ప్రహరీ పక్కన మాత్రం కట్టకండి, దూకితే ఉరి పడుతుంది.

తిండి కూడా సాయంత్రమే పెట్టండి. కడుపు నిండిన కుక్క దూరం వెళ్ళదు. మావాటికి చోడి (రాగి) అంబలి, అన్నం, చేప తలలు ఉడకబెట్టి ముళ్ళు తీసి. ఉల్లిపాయ వేసిన కూర పెట్టం. ఉడికిన కోడి ఎముక అసలు పెట్టం, పుల్లల్లా విరిగి పేగులో గుచ్చుకుంటుంది.

సోంపేట_బావు · ఫిబ్రవరి 9, రాత్రి 10:12

నాగావళి గారూ, మీ పోస్టు చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. మా వైపు కరెంటు తీగలు తక్కువ, అందుకే ఆ కోణం నాకు తట్టలేదు.

కానీ కొత్తవలస గారి తీగ పద్ధతి ఉద్దానంలో పనికిరాదు. దయచేసి ఇది గమనించండి అక్కా. ఎలుగు వచ్చినప్పుడు గొలుసుతో ఉన్న కుక్క పారిపోలేదు. మా పెదనాన్న తోటలో అలాగే పోయింది, గొలుసుకి కట్టిన కుక్క. వదిలిన కుక్కతో ఇంకో ప్రమాదం, అది నేను మొదట చెప్పలేదు, చెప్పాల్సింది. ఎలుగు తిరగబడితే కుక్క మన వైపే పరిగెత్తుకొస్తుంది, యజమాని కాపాడతాడని. దాని వెనకే ఎలుగు వస్తుంది. మా ఊళ్ళో ఒకాయనకి చెయ్యి పోయింది అలాగే.

నా మాట కొంచెం మార్చుకుంటున్నాను. రాత్రి గొలుసు వద్దు, తోటంతా తిరగడమూ వద్దు. తలుపున్న గదిలోనో, గట్టి కంచె ఉన్న దొడ్డిలోనో ఉంచి, అక్కడి నుంచి అరవనివ్వాలి.

రాజాం_పిన్ని · ఫిబ్రవరి 11, మధ్యాహ్నం 2:40

అందరూ నల్లోడి గురించే మాట్లాడుతున్నారు. సీతాలు గురించి నేను అడుగుతాను. మళ్ళీ ఎదకొస్తే ఏం చేస్తావమ్మా?

కడుపుతో ఉండేది రెండు నెలలు, 63 రోజులు అటూ ఇటూ. ఏడాదికి రెండు ఈతలు. ఈతకి ఐదారు పిల్లలు. మగపిల్లల్ని ఎవరో ఒకరు పట్టుకెళ్తారు. ఆడపిల్లల్ని గోనెసంచిలో వేసి ఊరవతల వదిలేస్తారు. మా వీధిలో నేను కళ్ళారా చూశాను. చెరువు గట్టు మీద నాలుగు పిల్లలు, ఎండలో, ఒకదాని మీద ఒకటి ఎక్కి పడుకుని. రెండు బతికాయి, అవి ఇప్పుడు నా దగ్గరే ఉన్నాయి. రెండింటికీ ఆపరేషన్ చేయించాను. పాపం కదా అని మా అక్కచెల్లెళ్ళు దెప్పారు. గోనెసంచిలో వేయడం కంటే అది పాపమా?

ఆపరేషన్ అయిన కుక్క కాపలా కాయదు అంటారు. నా రెండూ చీమ కదిలినా అరుస్తాయి.

ఉద్దానం_కోడలు · ఫిబ్రవరి 11, రాత్రి 9:00

పిన్నిగారూ, సీతాలుకి పోయినసారి ఐదు పుట్టాయి. రెండు వారంలోపే పోయాయి. ఇంకో రెండింటిని నెలన్నరప్పుడు రక్తవిరేచనాలు పట్టుకున్నాయి, రెండు రోజుల్లో చేతుల్లోనే పోయాయి. బంటి ఒక్కటే మిగిలింది. మీరు అడిగాక మా ఆయనతో మాట్లాడాను. ఆపరేషన్ చేయిస్తాం.

గరివిడి_విద్యార్థి · ఫిబ్రవరి 11, రాత్రి 9:45

అక్కా, నెలన్నర వయసులో రక్తవిరేచనాలు అంటే అది చాలావరకు పార్వో అనే వైరస్ జబ్బు. దాని వైరస్ నేలలో నెలల తరబడి బతుకుతుంది. పిల్లలు పడుకున్న చోట బ్లీచింగ్ కలిపిన నీళ్ళతో కడగండి. ఏడాది దాకా కొత్త పిల్లని తేకపోతే మంచిది. తెస్తే ఆరు నుంచి ఎనిమిది వారాలకే పార్వో టీకా మొదలుపెట్టించి, నాలుగు నెలలు వచ్చేదాకా మూడు నాలుగు వారాలకొకటి వేయించాలి. బంటికి మూడు నెలలు నిండగానే రేబిస్ టీకా, నెల తర్వాత ఇంకోటి, ఆ తర్వాత ఏడాదికోసారి. నులిపురుగుల మందు మరిచిపోవద్దు, పిల్లలున్న ఇల్లు కదా. చెవుల లోపల, వేళ్ళ సందుల్లో పిడుదులు చూస్తూ ఉండండి. తిండి మానేసి, జ్వరంతో చిగుళ్ళు పాలిపోతే పిడుదుల జ్వరం కావచ్చు, ఆలస్యం చేయొద్దు.

మీ తోటకి సంబంధించి ఇంకొకటి. పచ్చి జీడిపిక్కల దగ్గరికి బంటిని పోనివ్వకండి. పళ్ళు వచ్చే వయసులో ఏది దొరికితే అది కొరుకుతుంది. ఆ జీడి నూనెకి మన చేతులే బొబ్బలెక్కుతాయి, దాని నోరు ఏమవుతుందో ఊహించండి.

మందస_జీడిపిక్క · ఫిబ్రవరి 13, ఉదయం 6:30

ఈ చర్చ మొత్తం చదివాను. మా గౌరి గురించి రాయాలనిపించింది.

పోయిన వేసవిలో జీడాకు పోగు చేస్తున్నాం. మా బాబు ఆ పోగు మీద ఎగురుతున్నాడు. గౌరి వాడి చొక్కా పట్టుకుని లాగింది. వాడు ఏడ్చాడు, నేను కుక్కని తిట్టాను, చీపురు కూడా విసిరాను. అది వెళ్ళలేదు. పోగుకి వాడికి మధ్యన నిలబడి అరుస్తూనే ఉంది. అప్పుడు ఆకుల్లోంచి నాగుపాము లేచింది. గౌరి ముట్టె మీద కాటు పడింది. పశువుల ఆసుపత్రికి ఆటోలో తీసుకెళ్ళేసరికి గంటన్నర. అక్కడ విషానికి మందు లేదు. ఇంకో ఊరు పంపారు. దారిలో నా ఒళ్ళోనే ఊపిరి ఆగింది.

తోటలోనే, మామిడి కింద పూడ్చాం. బాబు రోజూ అక్కడ నీళ్ళు పోస్తాడు. నేను విసిరిన ఆ చీపురు నాకు ఇప్పటికీ గుర్తొస్తుంది.

మీరందరూ ఒక పని చేయండి. మీకు దగ్గర్లో ఏ ఆసుపత్రిలో కుక్కకి పాము విషపు మందు ఇస్తారో ముందే కనుక్కుని, ఫోన్ నంబరు గోడ మీద రాసి పెట్టుకోండి.

గరివిడి_విద్యార్థి · ఫిబ్రవరి 13, ఉదయం 8:10

మనుషులకిచ్చే మందే కుక్కలకీ ఇస్తారండి. నాగుపాము, కట్లపాము, రక్తపింజరితో సహా నాలుగు రకాల పాములకి ఒకటే మందు. కాటు పడ్డచోట కోయడం, తాడు బిగించడం చేయకుండా, కుక్కని నడిపించకుండా ఎత్తుకుని వెళ్ళాలి. గౌరి విషయంలో మీరు చేయగలిగిందంతా చేశారు.

ఉద్దానం_కోడలు · ఏప్రిల్ 20, రాత్రి 8:30

రెండు నెలలు ఇటు రాలేకపోయాను, పిక్కల పని. క్షమించండి.

పాప టీకాలు పూర్తయ్యాయి. బంటి బాగానే ఉంది, దాని టీకాలూ అయ్యాయి. సీతాలు ఆపరేషన్ మార్చి మొదటి వారంలో జరిగింది.

మీ పోస్టులన్నీ మామయ్యకి చదివి వినిపించాను. నాగావళి గారిది రెండోసారి చదవమన్నారు. ఏమీ అనలేదు. మర్నాడు తుఫానప్పుడు పడిన కొబ్బరి మొద్దులు తీయించారు. అప్పట్నుంచీ ఎవర్నీ ముట్టుకోనివ్వకుండా పాక వెనక పెట్టుకున్నవి, కోయించి దూలాలు చేయించారు. వాటితో ఇంటి వెనక, ఆవు పాకని ఆనుకుని దొడ్డి కట్టారు. పైన తాటాకు. ముందు ఇనుప జాలీ, దాంట్లోంచి తోట మొత్తం కనబడుతుంది, గాలి తగులుతుంది. వాసన, చప్పుడు అన్నీ వాటికి తెలుస్తాయి.

మొదటి వారం రాత్రుళ్ళు నల్లోడు ఒకటే ఏడుపు. మామయ్య మంచం తీసుకెళ్ళి దొడ్డి పక్కనే పడుకున్నారు. నాలుగో రోజుకి వాడు సర్దుకున్నాడు. మామయ్య మాత్రం ఇంకా అక్కడే పడుకుంటున్నారు.

మార్చి 27 రాత్రి మూడూ ఒకేసారి అరిచాయి. సోంపేట తమ్ముడు చెప్పినట్టు గొంతులోంచి సన్నగా మొదలైంది. మామయ్య ఎవర్నీ బయటికి రానివ్వలేదు. లైట్లు వేసి డబ్బాలు మోగించాం. తెల్లారి చూస్తే పనస కింద అడుగులు, తొక్కిన జీడిపళ్ళు. ఎలుగే. మా కుక్కలకి గీత కూడా పడలేదు. ఆ రోజు తొమ్మిది దాటాకే ఏరడానికి వెళ్ళాం, నల్లోడు ముందు నడిచాడు. భుజం కొంచెం ఈడుస్తాడు కానీ నడుస్తాడు.

చీకటి పడగానే మామయ్య పిలిస్తే ఎంత దూరంలో ఉన్నా వస్తాడు.

నాగావళి_గట్టు · ఏప్రిల్ 20, రాత్రి 9:10

అమ్మా, ఆ దొడ్డి కొలతలు, తలుపు ఎలా పెట్టారో చెప్పగలరా? మా బావమరిది ఇంట్లో పిల్లలున్నాయి. ఒకదాన్ని తెచ్చుకుందామా అని నెల నుంచి ఆలోచిస్తున్నాను.

ఉద్దానం_కోడలు · ఏప్రిల్ 20, రాత్రి 9:25

పన్నెండు అడుగుల పొడవు, ఎనిమిది వెడల్పు, మూడింటికీ. తలుపు లోపలికి తెరుచుకునేలా పెట్టించారు మామయ్య. బయట నుంచి ఏదైనా లాగినా ఊడి రాదట. గడియ పైనొకటి, కిందొకటి. నేల మట్టిదే ఉంచండి, సిమెంటు వేస్తే ఎండకి కాలుతుంది. రేపు పొద్దున్న వెలుగులో ఫోటోలు తీసి పెడతాను. పిల్లని తెచ్చుకోండి అన్నయ్యా.